నీళ్లొస్తయట

సూరత్ అవతల జోల్వాలో మా ఇంటి గడప పక్కన ఒక ఇత్తడి బిందె బోర్లించి ఉంటుంది. అందులో నీళ్లు పట్టం. పండుగకోసారి చింతపండు పెట్టి తోముతాం, మళ్లీ బోర్లిస్తాం. ఎవరైనా దాని సంగతి అడిగితే బాపు ఒకటే మాట అంటాడు: "ఎవ్వలు చెప్పలే బిడ్డా. ఒక్క మాట చెప్పినా పోతుంటిమి."

వరద వచ్చినప్పుడు మేముండేది ఇక్కడ కాదు. సూరత్‌లో వేద్ రోడ్డు వైపు, తాపీ నదికి దగ్గర్లో ఒక గల్లీ. సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలు మూలపడితే బాపు సూరత్ బండెక్కాడు. మన పద్మశాలీలు లింబాయత్ వైపు ఎక్కువగా ఉంటారు, బాపు మాత్రం తను సాంచాలు నడిపే ఖాతాకు దగ్గరని ఈ గల్లీలో కింది గది కిరాయికి తీసుకున్నాడు. పన్నెండు గంటల షిఫ్టు. నెలనెలా పదో తారీఖున పగార్. ఆ ముందు రోజుల్లో నాగా పెడితే సేఠ్ పగార్ ఆపేసేవాడు. ఎనిమిదేళ్లు ఒక్కడే ఉండి, చివరికి అమ్మను, బాపమ్మను, నన్ను పిలిపించుకున్నాడు. బాపమ్మ సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క సామాను ఈ బిందె. రైల్లో ఒడిలో పెట్టుకుని కూర్చుంది. తన పెళ్లినాటిదట.

నన్ను గుజరాతీ బడిలో మూడో తరగతిలో వేశారు. గల్లీలో మేమూ, ఒడియా వాళ్లూ. ఇంట్లో గుజరాతీ ముక్క చదవగలిగేది నేనొక్కణ్ణే. దుకాణం బోర్డు చదివినా, బస్సు పేరు చదివినా బాపమ్మ నా నెత్తి నిమిరేది. "మా పటేలు" అనేది.

2006 ఆగస్టు 7, సోమవారం. నగరానికి దాదాపు 100 కిలోమీటర్ల ఎగువన తాపీ మీద ఉకాయ్ డ్యాం ఉంది. పైన మహారాష్ట్రలో, మధ్యప్రదేశ్‌లో వానలు దంచికొట్టాయి. డ్యాం నిండేదాకా ఆగి ఒక్కసారే గేట్లెత్తారని సూరత్ జనం ఇప్పటికీ అంటారు. ఎత్తినప్పుడు వదిలింది 9 లక్షల క్యూసెక్కులకు పైమాటే. దానికి తోడు పున్నమి దగ్గర పడింది, పోటు మీదున్న సముద్రం నదిని లోపలికి రానివ్వలేదు. పోవడానికి దారిలేని నీళ్లు ఊరి మీద పడ్డాయి. నగరంలో నాలుగింట మూడు వంతులు మునిగిందంటారు. నాకు తెలిసింది మాత్రం మా గది. అర్ధరాత్రి నులక మంచం కింద చల్లగా ఏదో కదిలింది. లేచేసరికి చెప్పులు తేలుతున్నాయి. మెట్లెక్కి మేడ మీదికి చేరేలోపు నడుము దాకా వచ్చేసింది. తెల్లారేసరికి మొదటి అంతస్తు కిటికీలు కనబడలేదు.

మేడ మీద ముప్పై మందిమి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. చుట్టూ గోధుమరంగు నీళ్లు. ఇన్ని నీళ్ల మధ్య నాలుక తడుపుకోవడానికి వాన చుక్కకు కొంగు పట్టాం. హెలికాప్టర్ పొట్లాలు జారవిడిస్తే సగం నీళ్లలో పడ్డాయి. బాపమ్మకు దమ్ము. మందు సీసా కిందే ఉండిపోయింది. రెండు రాత్రులు బాపు వీపుకు ఆనుకుని కూర్చుని ఎగశ్వాస తీసింది. 9వ తారీఖు, రాఖీ పున్నమి నాడు, పొద్దెక్కేలోపు ఆ చప్పుడు ఆగిపోయింది.

ఆ పున్నమికి మావాళ్లు కొత్త జంధ్యం వేసుకుంటారు. బాపు తడిసిన పాత పోగునే వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, శవం పక్కన సాయంత్రం దాకా కూర్చున్నాడు. అమ్మ ఏడ్చింది. బాపు ఏడవలేదు. మరునాడు పడవ వచ్చింది.

నీళ్లు తీశాక గదిలో మోకాటి లోతు బురద. బిందె నల్లా కిందే దొరికింది, నిండా తాపీ మట్టితో. బాపు గరిటెతో తవ్వి తీశాడు. కింద ఇసుక, మీద మెత్తటి బంక, పొరలు పొరలుగా వచ్చింది. 1994లో వరద వెనకాలే ప్లేగు భయం వచ్చి లక్షలమంది రైళ్లెక్కి పారిపోయిన ఊరు ఇది. ఆ తర్వాత కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తించి ఊరి రూపే మార్చాడు. ఈసారి కూడా జనం అదే భయంతో ఉన్నారు. వేరే ఊళ్ల నుంచి కూడా పారిశుద్ధ్య కార్మికులు వచ్చారు. రాత్రింబవళ్లు బురద ఎత్తారు, సున్నం చల్లారు. వాళ్లలో ఒకతను మా గుమ్మం కడిగి, బాపమ్మ సంగతి విని, పార పక్కన పెట్టి దండం పెట్టిపోయాడు. ఆ మనిషి ముఖం నాకింకా యాదికుంది.

కొన్నేళ్లకు బాపు తాపీకి దూరంగా, కడోదరా దాటి ఈ జోల్వాలో చిన్న ప్లాటు కొన్నాడు. చుట్టూ మిల్లులు, సాంచాల మోత. నది కనబడదు, అదే చాలన్నాడు.

ఇక నేను ఇన్నేళ్లు ఎవరికీ చెప్పనిది. పోయిన శ్రావణంలో, పున్నమి నాడు, బాపు బిందె తోముతుంటే ఆపుకోలేకపోయాను.

"బాపూ, చెప్పిండ్రు."

తలెత్తాడు.

"ఆ సోమవారం పొద్దుగూకంగ మైకు కట్టిన ఆటో వచ్చింది. వానల ఏం సరిగ్గ వినవడలే. బాపమ్మ నన్నే అడిగింది, 'ఏమంటుండు పటేలా?' అని. నాకు 'రాత్రే పానీ ఆవ్శే' అన్నదొక్కటే సమజైంది. అప్పటికి రెండు దినాల సంది నల్లా బంద్ గదా. 'రాత్రికి నీళ్లొస్తయట' అన్న. 'బిందెలు పెట్టుకోమన్నరు' అని నేనే కలిపి చెప్పిన. అమ్మ గల్లీల అందరికీ చెప్పింది. బాపమ్మ ఈ బిందెను అందరికంటే ముందట పెట్టి నిద్ర పోకుంట కూసుంది."

చెబుతూ చెబుతూ నా గొంతు పూడుకుపోయింది. నాకు ఎనిమిదేళ్లప్పుడు మొదలైన ఆ మాట ఇరవై ఎనిమిదికి గానీ బయటికి రాలేదు.

బాపు చేతిలో చింతపండు పీచు అట్లాగే ఉంది. నీళ్లు మోచేతి దాకా కారుతున్నాయి.

"ఆ ఆటో మన గల్లీకి రాకముందు మా ఖాతా ముంగట ఆగింది బిడ్డా," అన్నాడు. "ఎనిమిదేండ్లు సూరత్‌ల ఉన్నోనికి ఆ మాత్రం సమజ్ గాదా?"

నాకు నోట మాట రాలేదు.

"ఇంటికొచ్చేసరికి బిందెలు వరుసగ పెట్టి ఉన్నయి. అందరు సంబురంగ ఉన్నరు. లింబాయత్‌ల మనోళ్లింటికి పోదామంటే ఎన్ని దినాలైతదో ఏమో..." బిందె బోర్లించి, దాని మీద చెయ్యి ఉంచాడు. "పదో తారీఖు పగార్ ఉండె. నేనే చెప్పలే."