కాలమ్ సారు

శుక్రవారం సాయంత్రం గచ్చిబౌలి వదిలి మొయినాబాద్ దారి పట్టే కార్లలో ఒకటి తప్పకుండా కాలమ్ సారుదే. ఇది ఒకరి పేరు కాదు, ఒక జాతి పేరు. వారమంతా ఆఫీసులో డేటాబేసు క్వెరీల వేగం పెంచడం, శని ఆదివారాలు తోటలో అదే పని చెయ్యడం. 1996 నాటి 111 జీవో వల్ల అక్కడ మేడలు లేపడం కుదరలేదు. ఆ కసంతా డేటా మీద తీర్చుకుంటున్నారు.

ఆయన మతానికి మూలగ్రంథం 2005లో డేటాబేసు పరిశోధకుడు స్టోన్‌బ్రేకర్ బృందం రాసిన సీ-స్టోర్ పత్రం. రికార్డును అడ్డంగా కాదు, నిలువుగా, ఏ కాలమ్‌కు ఆ కాలమ్ విడిగా దాచు. అడిగిన కాలమ్ తప్ప డిస్కు మీంచి ఇంకేదీ చదవకు. అందుకే అన్ని కాలమ్‌లూ తెమ్మనే 'సెలెక్ట్ స్టార్' ఆయన దృష్టిలో మహాపాతకం.

"సారూ, నిన్న మా బామ్మర్ది పెండ్లికి పోయొచ్చేసరికి..." అని వాచ్‌మన్ మొదలుపెడతాడు.

"కథంతా వద్దు! మోటరు కాలమ్ ఒక్కటి చెప్పు."

"గదే సారూ, కాలింది."

మొక్కలు కూడా మామిళ్లన్నీ ఒకచోట, జామలన్నీ ఒకచోట నాటించారు. నీళ్ల కోసం అనుకునేరు. వరసలో ఉన్న కాలమ్‌లో 'మామిడి' అని నలభైసార్లు రాయక్కర్లేదట. 'మామిడి, 40' అంటే సరి. చోటూ కలిసొస్తుంది, చదువూ తగ్గుతుంది. కరెంటు బిల్లుల కట్టల మీద మొదటి తేదీ, చివరి తేదీ రాసి ఉంటాయి. అడిగిన తేదీ ఆ మధ్యలో లేకపోతే కట్టే విప్పరు. ఇది మాత్రం నేనూ మెచ్చుకుంటాను.

చేవెళ్ల మార్కెట్లో కిలో టమాట కొనడం ఆయనకు పడదు. చిల్లర ఇన్సర్టులు చేస్తే ఒక్కోటీ ఒక ముక్కగా పడి, తర్వాత అన్నిటినీ కలిపే బరువు డేటాబేసు మీదే పడుతుంది. అంచేత బాక్సులకు బాక్సులు. బుధవారానికల్లా బ్యాచంతా కుళ్లిందని వాళ్లావిడ కబురు. క్వెరీకి జవాబు సెకనులోపు రావాలని చిలుకూరు బాలాజీకి మొక్కుకుంటే తీరింది. 108 ప్రదక్షిణలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటే తిరగాల్సి వచ్చింది. సమాంతరంగా నడిపే వీలు గుడిలో లేదు.

ఇంతా చేసి, మూలనున్న జామచెట్టు ఒక్కదాని సంగతి అడిగితే లాప్‌టాప్ అన్ని కాలమ్‌లలోంచీ ముక్కలేరి అతకాలి. ఎప్పుడు నాటిందీ, ఏ పురుగు పట్టిందీ, ఎన్ని కాసిందీ వాచ్‌మన్ అటు చూడకుండానే చెబుతాడు. ఒక్క రికార్డు మొత్తం కావాలంటే అడ్డంగా దాచే పాత పద్ధతే మేలు. ఈ ముక్క ఆయన చదివిన పుస్తకాల్లోనూ ఉంది, కాకపోతే ఆ పేజీ ఆయన అడిగిన కాలమ్‌లో లేదు.

మీరెప్పుడైనా ఆ తోటకు వెళ్తే జామకాయలడగండి, నీళ్లడగండి, దారడగండి. "ఏంటి సారూ సంగతులు" అని మాత్రం అడక్కండి. అది సెలెక్ట్ స్టార్.