బోరు మోటరూ, చికాగో చలీ

నాయనా,

ఫోన్లో అయితే సగం వినకముందే "ఎంతయింది?" అంటావని రాస్తా ఉండా.

ఇంట్లో ఏసీ చచ్చింది. చలికాలం ఇల్లు వెచ్చజేసే గ్యాస్ ఫర్నేసు మాత్రం ఇంకా మూలుగుతా ఉంది. ఏసీ బదులు హీట్ పంప్ పెట్టిస్తా ఉండాము. ఎండాకాలం లోపలి వేడిని బయటికి తోస్తాది, చలికాలం బయటి చల్లగాలిలో నుంచి వేడి లాగి లోపలికి తెస్తాది. "గడ్డకట్టే చలిలో వేడి యాడుంటాదిరా, నిన్నెవరో మోసం చేసినారు" అంటావు. మన బోరును చూడు. మోటరు నీళ్లు పుట్టిస్తుందా? ఉండేవాటిని పైకి తోడుతాది, అంతే. అందుకే చలి మరీ ముదరనప్పుడు ఒక యూనిట్ కరెంటుకు ఇది మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తాది. గ్యాస్ ఫర్నేసు ఎంత మంచిదైనా నూటికి నూరు రాదు. కాకుంటే నీళ్లు లోతుకు పోయేకొద్దీ మోటరు ఎక్కువ కరెంటు తిన్నట్టు, జనవరిలో మైనస్ ఇరవైకి పోతే ఇదీ తింటాది. ఆ నాలుగు రోజులకు పాత ఫర్నేసును ఉంచుకుంటా ఉండాము.

ఎంత సైజు కావాలో చెప్పేదానికి ఇద్దరొచ్చినారు. ఒకాయన గేటు దగ్గరే నిలబడి "అయిదు టన్నులు" అనేసినాడు. మదనపల్లి మండీలో టమోటా కొనేవాళ్లు కూడా ఒక క్రేటన్నా కదిలించి చూస్తారు గదా! రెండో ఆయన వాకిలికి పెద్ద ఫ్యాను బిగించి, ఇంట్లో గాలి బయటికి లాగి, పొగ వచ్చే పుల్ల పట్టుకుని గోడలెంబడి తిరిగినాడు. స్విచ్ బోర్డు దగ్గర పొగ చటుక్కున పక్కకు వంగింది. అంటే ఆడ సందు ఉందని. మీ కోడలు నా చెవిలో "దిష్టి తీస్తా ఉండాడా?" అనె. సందులు పూడిస్తే మూడు టన్నులు చాలన్నాడు. అవసరానికి మించి పెద్దది పెడితే తొందరగా చల్లబరిచి ఆగిపోతాదంట, గాల్లో చెమ్మ మాత్రం అట్లే ఉంటాదంట. పని ఆయనకే ఇచ్చినా.

సబ్సిడీ అడగొద్దు. ఖర్చులో 30 శాతం, 2,000 డాలర్ల దాకా పన్నులో తగ్గించేవాళ్లు. 2025 డిసెంబరు 31తో అదీ ఆగిపోయింది. కడప కలెక్టరు హార్స్‌లీ దొర నయం, ఎండకు తాళలేక మన కొండెక్కి బంగళా కట్టుకున్నాడు. ఆయనకు టన్నులూ లేవు, స్టార్లూ లేవు.

అమ్మ డిసెంబరులో వస్తుంది గదా, ఒక మాట చెప్పి పంపు. బయటి పెట్టె మీద మంచు పేరుకుంటే అదే కరిగించుకుంటాది, అప్పుడు గుప్పున తెల్లగా ఆవిరి లేస్తాది. నిప్పంటుకుందని బిందెడు నీళ్లు తెచ్చి కుమ్మరించొద్దని.

నీ కొడుకు