కత్తెర పద్యానికి టీకా తాత్పర్యం

మూలము (ఆటవెలది)

వెలుగు పోవుచుండె వేగ కెమెరఁ బట్టు
ఫోను మోగకుండఁ బూని చూడు
గాలి హోరు వినిన గాభరా పడబోకు
కడమ తప్పులన్ని కత్తెరకును

అవతారిక

కవి ఏలూరులో డిగ్రీ రెండో యేడు చదువుతున్న విద్యార్థి. పేరు చెప్పుకోలేదు, సినిమా యూట్యూబులో పెట్టాక చెబుతాడట. కాలం మునిమాపు. స్థలం ఆటపాక దాటిన తరువాత కొల్లేటి గట్టు. కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మొక్కు తీర్చుకోవడానికి తాటిదోనెలో బయలుదేరిన ముసలాయన కథను షార్ట్ ఫిల్ముగా తీస్తున్నారు. ముసలాయన వేషం కవిగారి మేనమామది. ఆయన చీకటి పడకుండా చేపల చెరువుకు మేత వేయించుకోవాలి. ఇట్టి సంకటంలో దర్శకుడు, కెమెరా పట్టిన మిత్రుడితో అన్న మాటలివి. వాల్మీకికి శోకం శ్లోకమైంది. వీడికి కంగారు ఆటవెలది అయింది.

ప్రతిపదార్థము

వెలుగు = పడమటి ఎండ; పోవుచుండె = పోవుచున్నది (ఎవరి కోసమూ ఆగదని భావము); వేగ = తొందరగా; కెమెరన్ = సెల్‌ఫోనును; పట్టు = అడ్డముగా, రెండు చేతులా పట్టుము; ఫోను = ఆ సెల్‌ఫోనే; మోగకుండన్ = ఇంటినుండి అమ్మ చేయు కాలు రాకుండునట్లు; పూని చూడు = శ్రద్ధగా ఫ్లైట్ మోడులో పెట్టుము; గాలి హోరు = కొల్లేటి గాలి చప్పుడు; వినినన్ = వినిపించినను; గాభరా పడబోకు = కంగారు పడకుము; కడమ తప్పులు అన్ని = మిగిలిన సమస్త దోషములును; కత్తెరకును = ఎడిటింగునకు.

పట్టు, చూడు అనే ఏకవచనాలు మిత్రుడికి చెందినవి. మేనమామ విషయంలో "మావయ్యా, ఇంకొక్క టేకు, ఈసారి దోనె కాస్త నెమ్మదిగా" అనే గౌరవరూపమే షూటింగంతా వినబడింది.

తాత్పర్యము

ఎండ పోతోంది, త్వరగా తియ్యి, ఫోను మోగనివ్వకు, గాలికి భయపడకు, తక్కినవి ఎడిటింగులో చూసుకుందాం అని దర్శకుడు ధైర్యం చెప్పాడు.

వ్యాఖ్య

మొదటి పాదంలో కవిని తప్పుపట్టడానికి లేదు. పొద్దు వాలే వేళ ఎండ ముఖానికి ఏటవాలుగా తగిలి, ముసలాయన ముడతలు కూడా అందంగా కనిపిస్తాయి. అయితే ఫోనుకు సొంత తెలివి ఎక్కువ. ఫ్రేములోకి తెల్లకొంగ వచ్చిందంటే, వెలుతురు పెరిగిందనుకుని మొత్తం తగ్గించేస్తుంది. మావయ్య ముఖం నల్లబడుతుంది. కొంగ పోగానే మళ్ళీ తెల్లబడుతుంది. ఒకే షాటులో మావయ్య ఇన్ని రంగులు మారడం కథకు అవసరం లేదు. తెరమీద ముఖం ఉన్నచోట వేలు అదిమిపెట్టి ఫోకసునూ వెలుతురునూ లాకు చేయాలని వ్యాఖ్యాతలు సూత్రీకరించారు.

ఈ సినిమాలోనే ఉన్న హాస్టలు గది సీనుకు ఇంకో చిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టరు 1/50 గాని 1/100 గాని ఉంటే ఫరవాలేదు. ఫోను తనంతట తాను 1/60 ఎంచుకుంటే గోడమీద చారలు పాకుతాయి. ఇది దయ్యాల కథ కాదు గనుక ఆ చారలు దోషమే.

"పట్టు" అన్నాడు గాని ఏ గట్టు మీద నిలబడి పట్టాలో కవి చెప్పలేదు. మిత్రుడు కాసేపు ఈ గట్టునుంచి, కాసేపు ఆ గట్టునుంచి తీశాడు. ఫలితంగా దోనె ఒక షాటులో ఎడమనుంచి కుడికి, మరుసటి షాటులో కుడినుంచి ఎడమకు వెళ్ళింది. ముసలాయన గుడి చేరకుండానే, మొక్కు ఎగ్గొట్టి తిరిగొస్తున్నట్టుంది. సినిమావాళ్ళు దీన్ని లైన్ దాటడమంటారు. వెళ్ళేటప్పుడు కుడివైపుకు పోయినవాడు తిరిగొచ్చేదాకా అటే పోవాలి.

కొందరు "డ్రోను షాటు లేదేమి?" అని శంకింతురు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. అటవీశాఖ అనుమతి లేనిదే అక్కడ డ్రోను ఎగరేయరాదు. కవి దగ్గర డ్రోను లేకపోవడం రెండో కారణం.

ఇక తృతీయ పాదం. పద్యమంతటికీ చీడ ఇక్కడ పట్టింది.

గాలి ఫోను మైకులోని పొరను నేరుగా కొడుతుంది. ఆ గుబగుబ మైకు తట్టుకోగల హద్దు దాటితే మాట రికార్డే కాదు. రికార్డు కాని మాటను ఏ సాఫ్టువేరూ తిరిగి పుట్టించలేదు. హోరు అడుగున ఎంతో కొంత గొంతు మిగిలితే మంద్రస్వరాలు కోసి కొంత శుభ్రం చేయొచ్చు, కానీ వాటితోపాటు మావయ్య గొంతులోని బరువు కూడా పోయి, ఆయన రేకుడబ్బాలోంచి మాట్లాడినట్టవుతుంది. కొల్లేటి చుట్టూ గాలి ఒక్కటే శత్రువు కాదు. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి. ఏలూరునుంచి తాడేపల్లిగూడెం దాకా పొలాల పక్కనే హౌరా–చెన్నై రైలుమార్గం. డైలాగు మధ్యలో కూత మొదలైందనుకోండి. అక్కడ కత్తెర పడితే తరువాతి షాటులో కూత ఉండదు. కన్ను క్షమించిన అతుకును చెవి పట్టేస్తుంది.

ఈ రైలు బాధ కొత్తది కాదు. 1931లో మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' తీస్తున్నప్పుడు బొంబాయి స్టూడియో పక్కన రైలుపట్టాలు ఉండటంతో, చాలాభాగం అర్ధరాత్రి దాటాక బండ్ల రాకపోకలు తగ్గిన వేళలో తీశారు. మైకులు నటుల దగ్గర చాటుగా పెట్టి, శబ్దాన్ని అప్పటికప్పుడే ఫిల్ముమీద ఎక్కించారు. అందులో చిన్న వేషం వేసినవాడు ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో 1908లో పుట్టి, తరువాత దర్శకుడైన ఎల్.వి. ప్రసాద్. మన కవికి ఇరుగుపొరుగు ఊరివాడే. ఆ తరం వాళ్ళు నిద్ర మానుకుని చేసిన పనిని, కవి "గాభరా పడబోకు" అని ఒక్క మాటతో కొట్టిపారేశాడు.

శంక: డబ్బింగు చెప్పుకోవచ్చు గదా? సమాధానము: చెప్పారు. హాస్టలు గదిలో, ఫ్యాను ఆపి, తలమీద దుప్పటి కప్పుకుని మావయ్య తన డైలాగులు తానే మళ్ళీ చెప్పారు. గొంతు వచ్చింది, గట్టు రాలేదు. చుట్టూ నీళ్ళు, పక్షులు కనబడుతుంటే మాట మాత్రం దుప్పట్లోంచి వస్తోంది. షూటింగు రోజునే అందరినీ నోరు మూసుకోమని, అరనిమిషం పాటు ఉత్త కొల్లేటి చప్పుడు రికార్డు చేసి ఉంటే, దాన్ని మాటల కింద పరిచి ఈ లోటు చాలావరకు కప్పేవాళ్ళు.

పాఠాంతరము: ఈ పద్యానికి వాట్సాప్‌లో రెండు ప్రతులు దొరుకుతున్నాయి. పైన ఇచ్చినది ఏలూరు ప్రతి. గూడెం ప్రతిలో మూడో పాదం ఇలా ఉంది:

గాలి హోరు వినినఁ గట్టు మైకుకు బట్ట

కెమెరా పట్టిన మిత్రుడిది తాడేపల్లిగూడెం. ఎడిటింగు కూడా అతని ల్యాప్‌టాప్‌లోనే. అంటే "కత్తెరకును" అని కవి తోసేసిన తప్పులన్నీ వెళ్ళి పడింది ఇతని నెత్తిమీద. ఈ పాఠం అతని దిద్దుబాటేనని లోకప్రసిద్ధి. గణాలు కుదిరాయి, గా–గ యతి చెల్లింది, అర్థమూ ఉంది. మైకుకు స్పాంజి తొడుగో, బొచ్చు గుడ్డో కడితే గాలి దెబ్బ తగ్గుతుంది. రెండో ఫోనుకు కాలరు మైకు తగిలించి మావయ్య చొక్కా జేబులో వేసి, మొదట ఒక్క చప్పట్ల చప్పుడు ఇస్తే, ఆ చప్పుడు దగ్గర బొమ్మనూ మాటనూ కలుపుకోవచ్చు.

చతుర్థ పాదంలో క్రియ లేదు. అదికూడా ఎడిటింగులో వస్తుందని కవి ఆశ.

కత్తెర మహిమ అబద్ధమేమీ కాదు. 1920ల నాటి రష్యాలో దర్శకుడు కులెషోవ్ ఒకే నటుడి ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, మరోసారి శవపేటిక పక్కన అతికితే, జనం అందులో ఆకలినీ దుఃఖాన్నీ చూశారట. మావయ్య ఏమీ నటించకుండా నీళ్ళవైపు చూసిన షాటు పక్కన ఖాళీ దోనె పెట్టగానే, ఆ ముఖంలో లేని దిగులు వచ్చి కూర్చుంది. కానీ కత్తెరకు ఉన్నదాన్ని ఎంచడం వచ్చు, లేనిదాన్ని పుట్టించడం రాదు. దర్శకుడు కె.వి. రెడ్డి స్టాప్‌వాచీ పెట్టుకుని సీను నిడివి ముందే లెక్క చూసుకునేవాడని ప్రసిద్ధి. ఆయన కత్తెర షూటింగు కన్నా ముందే నడిచేది.

మొదటి కూర్పు 14 నిమిషాలు వచ్చింది. అందులో గూడబాతు రెక్కలు విప్పి నీటిమీద వాలే షాటు ఒకటుంది. దానికోసం మిత్రుడు బురదలో మోకాళ్ళమీద కూర్చున్నాడు. షాటు అద్భుతం, కథకు సంబంధం లేదు. అమెరికా ఎడిటరు వాల్టర్ మర్చ్ కత్తెర ఎక్కడ వేయాలో చెబుతూ భావానికి నూటికి 51, కథకు 23, లయకు 10 వేసి, తక్కిన 16 చూపుకూ స్థలానికీ పంచాడు. మన ఆలంకారికులు మార్కులు వేయలేదు గాని, రసానికే పెద్దపీట వేశారు. తీసినవాడి మోకాళ్ళ బురదకు మాత్రం ఎవరూ మార్కులు ఇవ్వలేదు. గూడబాతు పోయింది. సినిమా ఎనిమిది నిమిషాలకు దిగింది. నరికిన చేయి మిత్రుడిది, ఏడ్చినవాడు కవి.

అలంకారము: ఉచిత యాప్‌లో కూర్చినందున తెర మూలన యాప్ పేరు చివరిదాకా వెలుగుతూనే ఉంది. ఇది ముద్రాలంకారము.

నిర్ణయము: హాస్యనటుడు రేలంగి సొంత సినిమాహాలు కట్టించిన ఊరు గూడెం. శ్రోత కుర్చీలో కూర్చుని ఏం వింటాడో తెలిసిన ఊరి పాఠం గనుక గూడెం ప్రతినే గ్రహించవలెను. ఏలూరు పాఠమే సరైనదని వాదించే పండితులు ఎవరైనా ఉంటే, ముందు ఈ సినిమా మూడో నిమిషం హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, ఆ తరువాతే మాకు జాబు రాయవలసిందిగా మనవి.