నేను, నా కవల, ఇద్దరు ఎడిటర్లు

నేనొక హార్డ్ డిస్క్‌ని. నాలుగు టెరాబైట్ల కడుపు నాది. అందులో ఉత్తరాంధ్ర పల్లెలో తీసిన ఒక సినిమా ఉంది. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చాక, ఊరివాళ్లనే నటులుగా పెట్టుకుని సినిమా తీయొచ్చన్న ధైర్యం చాలామందికి వచ్చింది. మా డైరెక్టరూ వాళ్లలో ఒకడు. ఉన్న డబ్బంతా షూటింగ్‌కే అయిపోయింది. ఎడిటింగ్‌కి మిగిలినవి స్నేహాలే.

ఎడిటర్‌ది హైదరాబాద్, యూసఫ్‌గూడలో అద్దె గది. షూటింగ్‌కీ వెళ్లాడు; రాత్రిళ్లు కెమెరా కార్డుల్లోంచి నాలోకి ఫుటేజ్ దింపింది అతనే. అద్దె కట్టడానికి పెళ్లి వీడియోలు కూడా చేయాలి కాబట్టి, విశాఖలో ఉండే సీనియర్‌కి ఫోన్ చేశాడు. "అక్కా, ఫస్టాఫ్ నేను చూసుకుంటా, సెకండాఫ్ నువ్వు పట్టు." అలా నాకొక కవల పుట్టింది. నాలో ఉన్నదంతా అవే ఫోల్డర్లతో, అవే పేర్లతో ఇంకో డిస్క్‌లోకి ఎక్కించి విశాఖకి కొరియర్ చేశారు.

మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీద ఫిల్మ్ కోసే రోజుల్లో, కోతకి వాడే వర్క్ ప్రింట్ మామూలుగా ఒక్కటే. రీలు ఒకరి చేతిలో ఉంటే రెండోవారు ఆగాల్సిందే. ఇప్పుడు ఇద్దరి దగ్గరా అంతా ఉంది. చిక్కంతా అక్కడే. అక్క మొదటే చెప్పేసింది: "ఒక సీన్ మీద ఒకసారి ఒక్కరే కూర్చోవాలి. ఫోల్డర్ పేరులో చుక్క కూడా మార్చకు. ఫైలు చివర 'ఫైనల్' అని రాయకు, తేదీ వెయ్యి." పేరు మారితే సాఫ్ట్‌వేర్‌కి క్లిప్ దొరకదు, తెర ఎర్రబడి 'మీడియా ఆఫ్‌లైన్' అని పడుతుంది. బరువు మోసేది మేమే. నెట్‌లో వాళ్ల మధ్య తిరిగేది చిన్న ప్రాజెక్ట్ ఫైలు. అందులో బొమ్మ ఉండదు, ఏ క్లిప్ ఏ టైమ్‌కోడ్ నుంచి ఎక్కడిదాకా అన్న లెక్కే ఉంటుంది.

అసలు గొడవ ఒక షాట్ దగ్గర. తెల్లవారుజామున, మంచులో, చెరువుగట్టు మీద ముసలాయన నడిచొస్తాడు. అక్క దాన్ని ఎత్తేసింది.

"అదేంటక్కా! దానికోసం ఎంత కష్టపడ్డామో తెలుసా?"

"తెలీదురా. అందుకే తీసేయగలిగాను. ఆయన ఊరొచ్చాడని ముందు సీన్‌లోనే తెలిసిపోయింది కదా."

నిజం చెప్పాలంటే ఆ చలి నాలోకీ ఎక్కలేదు. నాలో ఉన్నవి సెకనుకు 24 ఫ్రేములు, సింక్ సౌండ్‌లో ఎవరిదో దగ్గు. ప్రేక్షకుడికి అందేదీ అంతే. అక్క ఎడిటర్‌కంటే ముందుగా ఆ ప్రేక్షకుడి కుర్చీలో కూర్చుంది.

అలాగని అన్నిసార్లూ ఆవిడదే పైచేయి కాదు. క్లైమాక్స్‌లో పెద్దమ్మ పాత్ర మొహం మీద అక్కకి కావాల్సిన భావం ఏ టేకులోనూ దొరకలేదు. "కట్ అన్నాక కూడా కెమెరా తిరిగింది, ఆ టేకు చివర చూడు" అన్నాడు యూసఫ్‌గూడ తమ్ముడు. సీన్ అయిపోయిందనుకుని పెద్దమ్మ చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ ఊపిరి వదిలింది. సినిమాలో ఇప్పుడు అదే ఉంది. అక్కడ నిలబడినవాడికి తప్ప ఆ ముక్క జాడ తెలిసే వీలు లేదు.

రెండు సగాలూ అతికించి చూస్తే అతుకు కనబడింది. డైలాగ్ అయ్యాక తమ్ముడు మొహాన్ని కాసేపు ఉంచుతాడు. అక్క అవతలివాడి మీదకి వెంటనే దూకుతుంది. ఇంటర్వెల్ తర్వాత వేరే సినిమా మొదలైనట్టుంది. అప్పుడు సగాలు మార్చుకున్నారు. ఎవరు కోసింది వాళ్లు ముట్టుకోకూడదు, రెండోవాళ్లే దిద్దాలి. నాలుగు మాటలు పడ్డాయి, ఫోన్లు కట్టయ్యాయి, కానీ అతుకు పోయింది.

పిక్చర్ లాకయింది. సౌండ్ వాళ్లకి ప్రతి కట్‌కీ అటూ ఇటూ కొంచెం ఎక్కువ ఆడియో వదిలి ఏఏఎఫ్ ఫైలు ఇచ్చారు. ఇక తేలాల్సింది టైటిల్ కార్డు. అక్క పేరే ముందుండాలని తమ్ముడు, షూటింగ్‌లో మట్టి తొక్కినవాడి పేరు ముందుండాలని అక్క. రెండు కార్డులూ నాలోనే ఉన్నాయి. డైరెక్టర్ ఏదీ తేల్చడు. రంగులు దిద్దే డీఐ వాళ్లేమో సోమవారానికల్లా కావాలంటున్నారు.