గల్లా ఎదుటి కెమెరా ఆత్మకథ

విజయవాడ వన్‌టౌన్‌లోని ఓ హోల్‌సేల్ బట్టల దుకాణంలో, గల్లాకు ఎదురుగా సీలింగుకు బిగించిన డోమ్ కెమెరా చెప్పుకుంటున్న కథ ఇది. అది ‘నేను’ అనదు. దుకాణంలో ఉన్నవాళ్లంతా ఫ్రేములో కనిపిస్తారు, తానొక్కటే కనిపించదు. అందుకే తన సంగతి కూడా ఎదుటివారి సంగతి చెప్పినట్టు ‘ఈ కెమెరా’ అంటూ చెబుతుంది.

వంశం అడిగితే ముందు 1942 నాటి జర్మనీ పేరు చెబుతుంది. పీనెముండేలో వీ-2 రాకెట్లు పైకి లేచేటప్పుడు దగ్గర నిలబడితే ప్రాణాలు దక్కవు కాబట్టి, దూరం నుంచి చూసేందుకు వాల్టర్ బ్రుఖ్ అనే ఇంజినీరు కెమెరాలు ఏర్పాటు చేశాడు. యుద్ధం కోసం వచ్చిన ఆ పుట్టుకను ఈ కెమెరా గొప్పగా చెప్పుకోదు. న్యూయార్క్ క్వీన్స్‌లో ఉండే మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు తయారుచేసిన యంత్రాన్నే తన మూలపుటమ్మగా తలచుకుంటుంది. ఒంటరిగా ఉన్న వేళ తలుపు తట్టింది ఎవరో తెలియదు, పిలిస్తే పోలీసులు త్వరగా రారు. ఆమె భర్తతో కలిసి తలుపు రంధ్రాల వెంట పైకీ కిందికీ జరిగే కెమెరా, లోపలి గదిలో తెర, పోలీసులకు కబురందించే మీట కలిపి ఒక ఏర్పాటు రూపొందించింది. 1966లో దరఖాస్తు చేస్తే 1969లో పేటెంటు వచ్చింది. ఒక మనిషి భయం తీర్చడానికి పుట్టిన యంత్రం అది.

మన బజార్లలోకి ఈ వంశం అడుగుపెట్టడానికి చట్టం కూడా తోడైంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రత చట్టం వచ్చింది. ఒకేసారి వంద మంది గానీ, రోజుకు 500 మంది గానీ వచ్చే చోట సీసీ కెమెరాలు పెట్టాలని, ఫుటేజీ 30 రోజులు దాచాలని చెప్పింది.

ఈ కెమెరాను బిగించిన కుర్రాడు పనిమంతుడే. కేబుల్ నీటుగా లాగాడు, గల్లా మీద లైటు వెలుగు పడి నోట్లు తెల్లగా పోకుండా కోణం సరిచేశాడు. షావుకారు అడిగింది ఒకటే: “బాబూ, ఇంట్లో కూర్చుని ఫోన్లో చూసుకునేలా చెయ్యి.”

“అలాగే సార్. గుర్తుండే పాస్‌వర్డే పెట్టాను. మార్చకండి, మళ్లీ నన్ను పిలవాల్సి వస్తుంది.”

ఆ వీధిలో తాను బిగించిన ప్రతి దుకాణానికీ అతను పెట్టింది ఆ పాస్‌వర్డే. వెనక గోడౌన్‌కు రెండు తాళాలు వేయించే షావుకారు, తన గల్లాను రాత్రీ పగలూ చూపించే ఈ కంటికి మాత్రం వీధంతా ఎరిగిన తాళంచెవి ఉందని ఆలోచించలేదు. ఈ కెమెరాను ఇప్పటికీ బాధపెట్టే విషయం అదే.

ఎందుకంటే దాని జాతి అప్పటికే ఒకసారి లోకం ముందు తలదించుకుంది. 2016లో ‘మిరాయ్’ అనే హానికర ప్రోగ్రాం ఇంటర్నెట్‌లో కెమెరాలను, వాటి దృశ్యాలు దాచే డీవీఆర్‌లను, రౌటర్లను వెతుక్కుంటూ తిరిగింది. దాని చేతిలో ఉన్నది ఫ్యాక్టరీల్లో పెట్టి వదిలేసిన యూజర్‌నేమ్, పాస్‌వర్డుల జాబితా. అరవై పైచిలుకు జతలు, అంతే. వాటితోనే లక్షల పరికరాలు లొంగిపోయాయి. ఆ ఏడాది అక్టోబరు 21న వాటిలో చాలా పరికరాలు ఒక్కసారిగా, వెబ్‌సైట్ల చిరునామాలు చూపించే డైన్ అనే సంస్థ సర్వర్ల మీద పడితే, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి మొరాయించాయి. కాపలాకు పెట్టిన పరికరాలే దాడికి సైన్యమయ్యాయి. 2021 మార్చిలో మరో దెబ్బ. ఒక అమెరికన్ క్లౌడ్ కెమెరా సంస్థలో సర్వాధికారాలున్న ఖాతా వివరాలు హ్యాకర్ల చేతికి చిక్కాయి. ఆసుపత్రులు, జైళ్లు, ఫ్యాక్టరీల్లోని సుమారు లక్షా యాభై వేల కెమెరాల దృశ్యాలు వాళ్ల కళ్లముందుకు వచ్చాయి.

ఇవాళ భద్రతా రంగంలో పెద్ద మార్పు ఇక్కడి నుంచే మొదలైందని ఈ కెమెరా నమ్మకం. ఎన్ని మెగాపిక్సెళ్లు అన్న ప్రశ్న వెనక్కి పోయింది, లోపలికి ఎవరు రాగలరన్న ప్రశ్న ముందుకొచ్చింది. అన్నింటికీ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డు పెట్టి పరికరాలు అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్‌లో నిషేధించింది. మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలకు కొత్త భద్రతా నిబంధనలు వర్తిస్తున్నాయి. లోపలి సాఫ్ట్‌వేర్‌తో సహా ప్రయోగశాలలో పరీక్షకు నిలవాలి.

రెండో మార్పును ఈ కెమెరా ఒంటి మీదే అనుభవించింది. రాత్రి షట్టర్ దించాక దాని చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి. దగ్గరికి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు చేరుతుంది. లెన్సుకు అంగుళం దూరంలో గూడు అల్లితే ఆ దీపాల వెలుగులో ఒక్కో పోగు తెల్లగా మోకులా కనిపిస్తుంది. పాత పద్ధతిలో పిక్సెళ్లు మారితే చాలు, కదలిక కిందే లెక్క. సాలీడు కాలు కదిపినప్పుడల్లా షావుకారు ఫోను మోగేది. విసుగెత్తి ఆయన అలర్టులే ఆపేశాడు. అలర్టు ఆపేసిన రాత్రి నిజంగా దొంగ వస్తే ఏం చేయాలో ఎవరూ అనుకోలేదు. తర్వాత సాఫ్ట్‌వేర్ మారింది. ఏది మనిషో, ఏది పిల్లో, ఏది బండో ఇప్పుడు కెమెరాలోని చిప్పే తేల్చుకుంటుంది. వీడియో అంతా ఎక్కడికో పంపనక్కర్లేదు. షట్టర్ దగ్గర తెరమీద ఒక గీత గీసి ఉంచితే, మనిషి ఆ గీత దాటినప్పుడే ఫోను మోగుతుంది.

కానీ ముఖాలు గుర్తుపట్టమంటే ఈ కెమెరా ఒప్పుకోదు. ‘పాత దొంగల ముఖాలు ఎక్కించుకుంటే లోపలికి రాగానే చెప్పేస్తుంది’ అని ఒక ఏజెంటు షావుకారుకు ఆశపెట్టాడు. అమెరికాలో రైట్ ఎయిడ్ మందుల దుకాణాలు 2012 నుంచి 2020 దాకా చేసింది ఇదే. మసక ఫొటోలు ఎక్కించారు, తప్పు చెప్పిన యంత్రాన్ని నమ్మారు, ఏ పాపం తెలియని కొనుగోలుదారులను సిబ్బంది వెంబడించారు, నలుగురి ముందు నిలదీశారు. 2023 డిసెంబరులో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థ ఐదేళ్లపాటు ముఖాల గుర్తింపు వాడకూడదని కట్టడి చేసింది. పెళ్లి బట్టలకు వచ్చిన ఒక ఇంటి పెద్దను పిల్లల ముందు దొంగగా నిలబెట్టాక, క్షమాపణ చెప్పి ఏం లాభం?

సాక్ష్యం విషయం వేరు. అక్కడ ఈ కెమెరా వంశం మాటకు విలువ పెరుగుతోంది. 2010లో వారణాసి హోటల్లో జరిగిన ఒక మరణం కేసులో ఇద్దరు ఇటలీ దేశస్థులకు జీవితఖైదు పడింది. హోటల్లో కెమెరాలున్నా ఆ ఫుటేజీని కోర్టు ముందు పెట్టలేదు. ఉన్న మేలైన సాక్ష్యాన్ని దాచారన్న ముఖ్య కారణంతో 2015 జనవరిలో సుప్రీంకోర్టు వాళ్లను విడుదల చేసింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఫుటేజీతో ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ ఫైలుకు వేలిముద్రలాంటి సంఖ్య అయిన హ్యాష్ విలువ కూడా రాయాలి. ఒక్క ఫ్రేము మార్చినా ఆ సంఖ్య మారిపోతుంది. కృత్రిమ మేధతో లేని మనిషిని ఉన్నట్టు చూపగల రోజుల్లో, నిజం చెప్పిన కెమెరాకు తన మాట నిలబెట్టుకునే దారి ఇదే.

ఈ మధ్య దుకాణం గుమాస్తా డీవీఆర్ పక్కన ఒక పుస్తకం పెట్టాడు. ఎవరు, ఎందుకు, ఏ తేదీ ఫుటేజీ తీశారో అందులో రాస్తున్నారు. ట్రయల్ రూముల వైపు తిరిగి ఉన్న కెమెరాను సేల్స్‌గర్ల్స్ అడిగాక పక్కకు తిప్పించారు. అడగకముందే తిప్పాల్సింది.

ఈ కెమెరా చూపు ఇంకా బాగానే ఉంది. తయారుచేసిన కంపెనీ మాత్రం ఈ మోడల్‌కు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు ఆపేసింది, కాబట్టి వచ్చే నెల దీన్ని దించేస్తున్నారు. కొత్తది చూపించడానికి వచ్చిన ఏజెంటును షావుకారు ధర కంటే ముందు అడిగింది ఒకటే: “దీనికి అప్‌డేట్‌లు ఎన్నేళ్లు ఇస్తారు? కాగితం మీద రాసిస్తారా?”