వాక్యూమ్ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: న్యూజెర్సీలో మా అద్దె ఇల్లు గోడ నుంచి గోడ దాకా కార్పెట్. మొన్న సత్యనారాయణ వ్రతం అయ్యాక మా నిలువు వాక్యూమ్ మొదట కాసిని ఎత్తి, ఆపై నాలుగుసార్లు తిప్పినా ఒక్క అక్షింత ఎత్తలేదు. అరుపు మాత్రం పై అంతస్తుకు వినబడింది. ఆ సందర్భంలో ఈ వ్యాఖ్యాతే చెప్పిన ఆటవెలది ఇది. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే గనుక అభిప్రాయభేదం ఉండదనుకుంటారేమో. ఉంది.

గొట్టమందు జుట్టు గూడుకట్టినపుడు
మోటరరచు నంత ముందుకన్న;
అరుపు చూచి బలము నంచనా కట్టకు,
ఊపిరాడకున్న నురుకుచుండు.

ప్రతిపదార్థం: గొట్టమందు = దుమ్ము పోవు దారిలో; జుట్టు = తలవెంట్రుకలు (ఉపలక్షణము గనుక తోరపు దారమును, ఎండిన తమలపాకు ముక్కలును చేర్చుకొనవలెను); గూడుకట్టినపుడు = వంపు దగ్గర చిక్కుపడి నిలిచినపుడు; అంత = అప్పుడు; మోటరు = మోటరే; ముందుకన్న = మునుపటికంటె; అరచున్ = గొంతు హెచ్చించును; అరుపు చూచి = విని ('రుచి చూచి' వలె); బలమున్ = పీల్చు శక్తిని; అంచనా కట్టకు = లెక్కింపకుము; ఊపిరాడకున్నన్ = గాలి లోనికి రాకున్నచో; ఉరుకుచుండు = వడి హెచ్చి తిరుగుచుండును.

తాత్పర్యం: మోత పెరిగిందంటే పని పెరిగిందని కాదు, గాలి దారి మూసుకుందని.

విశేషాలు: ఊపిరాడనివాడు కూలబడాలి గాని ఉరకడమేమిటి? ఇది విరోధాభాసం. పరిహారం చెబుతాను. లోపలి ఫ్యాను మోసే బరువల్లా గాలే. గాలి రాకపోతే నెట్టాల్సిన సరుకు తగ్గి, దించేసిన బండిలా మోటరు పరుగెడుతుంది. అసలు యంత్రం పీల్చడమన్నదే లోకవ్యవహారం. లోపల ఒత్తిడి తగ్గితే బయటి గాలే దుమ్మును వెంటేసుకుని తోసుకొస్తుంది. చాలా యంత్రాల్లో మోటరును చల్లబరిచేదీ ఆ గాలే. అందుకే దారి మూసుకున్న యంత్రం కాసేపు అరిచి, వేడెక్కి, తనంతట తానే ఆగిపోతుంది.

శంక: బెల్టు తెగి ఉండవచ్చు గదా? ఇది మా బావమరిది పూర్వపక్షం. సమాధానం: బెల్టు తిప్పేది కింది బ్రష్‌ను. అది తెగితే కార్పెట్ లోపలి మట్టి కదలదు గాని, గొట్టం చివర అరచెయ్యి పెడితే లాగుడు తెలుస్తూనే ఉంటుంది. మా అరచేతికి ఏమీ తెలియలేదు. ప్లగ్గు పీకి, గొట్టం ఊడదీసి, ఒక చివర క్వార్టర్ బిళ్ళ జారవిడిచాను. రెండో చివర రాలేదు. చీపురు కర్రతో మెల్లగా తోస్తే జానెడు పొడవున బూడిదరంగు తాడొకటి బయటికొచ్చింది. అందులో పసుపు దారం, గుప్పెడు అక్షింతలు, మా ఆవిడ వారంగా వెతుకుతున్న పిన్నీసు, చివర నా బిళ్ళ.

చీపురు కర్రకు ఈ వంశంలో చుట్టరికం ఉంది. అమెరికాలోనే, ఒహాయో రాష్ట్రం కాంటన్ ఊళ్ళో ఊడ్చే పని చేసిన జేమ్స్ ముర్రే స్పాంగ్లర్, దుమ్ముకు ఆయాసం తాళలేక, ఫ్యాను మోటరుకు దిండు గలీబూ చీపురు కర్రా తగిలించాడు. 1908లో పేటెంటు వచ్చింది. హక్కులు కొన్నది హూవర్ కుటుంబం.

ఇక కవి దోషం. గొట్టంలో అడ్డు తీశాక లాగుడు సగమే తిరిగొచ్చింది. మిగతా సగం ఫిల్టరులో ఉంది: పీట చుట్టూ ముగ్గేసిన బియ్యప్పిండి స్పాంజి రంధ్రాల్లో మెత్తి కూర్చుంది. పద్యంలో ఫిల్టరు ఊసే లేదు. గణాల్లో ఇమడలేదని కవి సాకు. 'ఫిల్టరు' చక్కని భగణం, ఇంద్రగణాల వరసలో దర్జాగా కూర్చునేది. తోచక వదిలేశాడు, అంతే.

ఆ ఫిల్టరును ఇవాళ మధ్యాహ్నం సబ్బు లేకుండా చన్నీళ్ళతో, తెల్లనీళ్ళు పోయి తేట వచ్చేదాకా పిండి, బాల్కనీలో ఆరేశాను. తడితో పెడితే చెమ్మ మోటరుకెక్కుతుంది. 24 గంటలు ఆగాలి. అందాకా కార్పెట్ మీద అక్షింతలు అలాగే ఉంటాయి, నాకు వ్యాఖ్యానం తప్ప వేరే పని లేదు.