గా-ప్రత్యయ ప్రకాశిక: ఒక యూజర్ స్టోరీకి టీకా తాత్పర్యం

అవతారిక

మూలం ఎక్కడ దొరికిందో ముందు చెప్పడం వ్యాఖ్యాత ధర్మం. మాదాపూర్‌లో ఒక ఆఫీసు నాలుగో అంతస్తులో, అద్దాల గోడ కింద, ఏసీ గాలికి ఊడిపడిన పసుపుపచ్చ కాగితం మీద ఇది దొరికింది. ఒక మూల కాఫీ మరక. దస్తూరి ప్రొడక్ట్ ఓనర్‌ది, అంటే ఏం కట్టాలో చెప్పేవాడిది. కాలం, స్ప్రింట్ అనే పని విడతకు ప్లానింగ్ జరిగిన నాటి మధ్యాహ్నం, బిర్యానీ తర్వాత. శైలిలోని నిశ్చింతే అందుకు సాక్ష్యం. ఏం కావాలో వాడేవాడి నోట చెప్పించే ఇలాంటి కాగితాన్ని సాఫ్ట్‌వేర్ సీమలో యూజర్ స్టోరీ అంటారు. దీనికి పూర్వ వ్యాఖ్యలు లేకపోలేదు. అవన్నీ రోజువారీ స్టాండప్ సమావేశంలో నోటిమాటగా పుట్టి, స్టాండప్‌లోనే గతించాయి.

మూలం

ఇంటర్ విద్యార్థిగా నేను
హాల్‌టికెట్ నంబరు కొట్టి నా ఫలితం చూసుకోవాలి
ఏ కాలేజీలో చేరాలో తేల్చుకోవడానికి.

ఛందస్సు

ఇది త్రిపాది. మొదటి పాదం ఎవరు, రెండోది ఏమిటి, మూడోది ఎందుకు. ఈ వృత్తానికి పుట్టిల్లు లండన్‌లోని కనెక్స్‌ట్రా అనే కంపెనీ, 2001 ప్రాంతం. 2004లో మైక్ కోన్ రాసిన పుస్తకంతో దేశదేశాలకూ పాకింది. అదే 2001 ఫిబ్రవరిలో పదిహేడుగురు పెద్దలు అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండ విడిదిలో కూడి, సాఫ్ట్‌వేర్‌ను కొద్దికొద్దిగా కట్టుకుపోయే ఎజైల్ పద్ధతికి ప్రకటన రాసుకున్నారు. ఆ పదిహేడుగురిలో ఒకరైన రాన్ జెఫ్రీస్ ఆ ఏడే ఇంకో మాట చెప్పాడు. స్టోరీ అంటే కార్డు, సంభాషణ, నిర్ధారణ, ఈ మూడూ కలిస్తేనే. కార్డు మాట్లాడుకోవడానికి ఆనవాలు మాత్రమే. మాట్లాడుకున్నాక ఏది జరిగితే పని అయినట్టో తేల్చి కార్డు వెనక రాసుకోవాలి.

మన పద్యానికి నాలుగు పాదాలు. ఇక్కడ నాలుగోది, ‘ఎలా’ అన్నది, లుప్తం. కార్డు తిప్పి చూశాం. వెనక కాఫీ మరక ఇటువైపుకు దిగి ఉంది తప్ప మరేమీ లేదు.

ప్రతిపదార్థం

‘ఇంటర్ విద్యార్థిగా’: ఏకవచనం చూసి మోసపోకూడదు. ఇది జాత్యేకవచనం, ఒక్కడిని చెప్పి జాతినంతా చెప్పడం. ఫలితాలు ఉదయం పదకొండుకు అన్నారంటే లక్షల మంది పదకొండుకే వస్తారు, పదకొండుంపావుకు ఒక్కడూ ఆగడు. పైగా విద్యార్థి అనే పదానికి లక్షణార్థంలో తల్లి, తండ్రి, మేనమామ, ట్యూషన్ మాస్టారు, పక్కింటి ఆంటీ, న్యూజెర్సీలో రాత్రి ఒంటిగంటన్నరకు అలారం పెట్టుకుని లేచిన బాబాయి కూడా వస్తారు. అందరూ ఆ ఒక్క నంబరే కొడతారు. డెవలపర్ మాత్రం వాచ్యార్థాన్నే పట్టుకుని, తన లాప్‌టాప్‌లో ముగ్గురు విద్యార్థుల పేర్లు వేసి డెమో చూపిస్తాడు. ఆ ముగ్గురూ పాసవుతారు.

‘కొట్టి’: టైపు చేసి అని సామాన్యార్థం. ఇందులో ఆవృత్తి ధ్వనిస్తుందని మా పక్షం. పేజీ రాకపోతే మనవాడు కూర్చుని ఎదురుచూడడు, మళ్లీ కొడతాడు. మళ్లీ. కుంగుతున్న సర్వర్ మీద జనం వేసే బరువు తగ్గదు, పెరుగుతుంది. వేగం లోపించడమే రద్దీకి కారణమవుతుంది, రద్దీ వేగాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఒకదానికొకటి కారణమవడాన్ని తర్కంలో అన్యోన్యాశ్రయ దోషం అంటారు. సర్వర్ గదిలో దానికి వేరే పేర్లున్నాయి. అవి ఇక్కడ రాయదగినవి కావు.

‘నా’: ఎవరి? కొట్టినవాడి ఫలితమా, కొట్టిన నంబరు వాడి ఫలితమా? మూలం మౌనం.

‘చూసుకోవాలి’: ఇక్కడే కవి హృదయం ఉంది. ‘చూడాలి’ అనవచ్చు, అనలేదు. తెలుగులో ‘కొను’ చేరితే క్రియాఫలం కర్తకే చెందుతుంది. వండింది ఎవరికోసమైనా కావచ్చు, వండుకున్నది మాత్రం తనకోసమే. కనుక చూసుకోవడం అంటే తనది తాను చూడడం. పక్కింటి ఆంటీ మనకంటే ముందే చూసి మార్కులతో సహా స్వీట్లు అడగడానికి వచ్చిందంటే ఆ ‘కొను’ భంగపడినట్టే. భద్రత అని శాస్త్రకారులు పేజీలకు పేజీలు రాసేది ఈ ఒక్క సహాయక్రియలో ఇమిడి ఉంది. ప్రొడక్ట్ ఓనర్ తెలిసి వాడాడా అన్నది వేరే సంగతి. మహాకవుల విషయంలోనూ మనం ఆ ప్రశ్న వేయం.

‘తేల్చుకోవడానికి’: స్పష్టం.

తాత్పర్యం

ఇంటర్ పిల్లలు రిజల్ట్ చూసుకుంటారు. డెవలపర్‌కు అర్థమైంది ఇంతే. పనిభారం అంచనా మూడు స్టోరీ పాయింట్లు.

సమాస విచారం

కార్డులో లేని ఆ నాలుగో పాదాన్ని నాన్ ఫంక్షనల్ రిక్వైర్‌మెంట్ అంటారు. సమాసం విడదీస్తే ‘పనిచేయని అవసరం’ అవుతుంది. ఇంత అపశకునపు పేరు పెట్టుకున్న శాస్త్రం మరొకటి లేదు. నకారానికి ఆరు అర్థాలని వ్యాకర్తలు చెప్పారు: సాదృశ్యం, అభావం, అన్యత్వం, అల్పత్వం, అప్రాశస్త్యం, విరోధం. ఈ పేరు పెట్టినవాళ్ల ఉద్దేశం అన్యత్వం. ఏం చేస్తుంది అన్నది ఒకటి, ఎలా చేస్తుంది అన్నది మరొకటి అని. మేనేజర్లు దాన్ని అల్పత్వంగా తీసుకుని చివరి స్ప్రింట్‌కు తోసేశారు. రిలీజు రోజు సర్వర్ దాన్ని అభావంగా తీసుకుంటుంది. అటు తర్వాత టీముకూ మేనేజర్‌కూ మధ్య మిగిలేది ఆరో అర్థం.

మేం చేసే వ్యాఖ్య వేరు. తెలుగువాడికి దీన్ని విప్పడానికి ఒక్క అక్షరం చాలు: గా. చూడడం క్రియ, అది ఫంక్షనల్. వేగంగా చూడడం, భద్రంగా చూడడం, తేలిగ్గా చూడడంలో ఉన్న ‘గా’ నాన్ ఫంక్షనల్. మూలంలో గా లేదా అంటే ఉంది, ‘విద్యార్థిగా’ అని. అది పాత్రను చెప్పే గా. రీతిని చెప్పే గా ఒక్కటీ లేదు. ‘ఆగకుండా’, ‘అందరికీ అందేలా’ అన్నవాటిలో గా కనబడకపోయినా అవీ ఆ ఇంటి చుట్టాలే.

ఈ గాలన్నిటినీ లెక్కపెట్టి ఐఎస్ఓ 25010 అనే ప్రమాణ గ్రంథం 2011లో నాణ్యతా గుణాలు ఎనిమిది అన్నది. 2023లో సవరించి, ప్రాణాపాయం కలగనీయకపోవడాన్ని చేర్చి తొమ్మిది చేసింది. రసాలకూ ఇదే జరిగింది. ఎనిమిదిగా మొదలై, శాంతం చేరి నవరసాలయ్యాయి. రిలీజు రాత్రి టీముకు కావలసిందీ శాంతమే గనుక ఈ పోలిక సార్థకం.

శంక: గా రాస్తే చాలదా? ‘ఫలితం వేగంగా కనిపించాలి’ అని ఆ కార్డు మీదే చేరిస్తే?

సమాధానం: చాలదు. అంకె లేని గా కంటే గా లేకపోవడమే మేలు. లేనిది కనీసం అడిగించుకుంటుంది. ‘వేగంగా’ అన్నది అందరినీ తృప్తిపరిచి నిద్రపుచ్చుతుంది. ప్రొడక్ట్ ఓనర్‌కు వేగంగా అంటే కన్నార్పేలోపు. డెవలపర్‌కు, తన కోడ్ ఆడినంత. పల్లెలో ఒక్క గీత సిగ్నల్‌తో డాబా ఎక్కిన పిల్లకు అసలు రావడం.

అంకెల్లోనూ మాయ ఉంది. సగటున 2 సెకన్లు అని రాశామనుకుందాం. తొంభైతొమ్మిది మందికి ఒక్కో సెకనులో, నూరో వాడికి నూటొక్క సెకన్లకు వచ్చినా సగటు సరిగ్గా రెండే. ఆ నూరో వాడి ఇంట్లో అప్పటికే ఏడుపులు మొదలవుతాయి. అందుకే తెలిసినవాళ్లు సగటు రాయరు, నూటికి ఎందరికి ఎంతలోపు అని రాస్తారు.

ఇంకో మాయ ‘సైటు 99.9 శాతం సమయం నడుస్తుంది’ అన్న హామీ. వింటే నిండుకుండలా ఉంటుంది. ముప్ఫై రోజుల నెలలో ఆ మిగిలిన పదో వంతు శాతం 43 నిమిషాలు. నెలంతా చక్కగా నడిచి, ఫలితాల రోజు పదకొండు నుంచి పదకొండు నలభైమూడు దాకా పడుకున్న సైటు ఆ షరతును అక్షరాలా నెరవేర్చినట్టే. కాంట్రాక్టు గెలుస్తుంది. కనుక అంకె పక్కన సందర్భం ఉండాలి: ఏ రోజు, ఏ వేళ, ఎంత రద్దీలో.

దృష్టాంతం పరదేశంలోనే ఉంది. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్.గవ్ సైటును తెరిచింది. ఒకేసారి యాభై అరవై వేల మంది వస్తారనుకుంటే రెండున్నర లక్షల దాకా వచ్చారు. పైగా బీమా పథకాలు చూడాలన్నా ముందు ఖాతా తెరవాల్సిందే అన్న నియమం వల్ల జనమంతా ఒకే గుమ్మం దగ్గర ఇరుక్కున్నారు. మొదటి రోజు బీమాలో పూర్తిగా చేరగలిగినవాళ్లు ఆరుగురు. ఆరు వేలు కాదు, ఆరుగురు.

పూర్వపక్ష నిరాసం

గా దొరికింది, అంకె దొరికింది. మరి రాయడం ఎక్కడ? ఇక్కడ మతాలు మూడు.

మొదటి మతం: దానికీ విడిగా ఒక కార్డు రాయాలి. ఆ శాఖవారి గ్రంథాల్లో ఇలాంటివి కనిపిస్తాయి: ‘సిస్టమ్‌గా నేను వేగంగా ఉండాలి, యూజర్లు సంతోషించడానికి.’ సిస్టమ్ అచేతనం, దానికి కోరిక ఉండదు. ఇది ఉత్ప్రేక్ష, కావ్యానికి శోభ, బ్యాక్‌లాగ్ అనే పనుల జాబితాకు భారం. 2003లో బిల్ వేక్ మంచి స్టోరీకి ఆరు లక్షణాలు చెప్పాడు. అందులో స్వతంత్రంగా ఉండడం, చిన్నదై ఉండడం రెండు. వేగం ఏ కార్డుకూ స్వతంత్రం కాదు, అన్ని కార్డులనూ పట్టుకుని ఉంటుంది. ఇక చిన్నది ఎక్కడ? ఈ స్ప్రింట్‌లో ‘వేగం’ ముగించి డన్ గడిలోకి జరిపేస్తే, వచ్చే స్ప్రింట్‌లో ఎవరో ఒక ఫొటో గ్యాలరీ చేర్చి దాన్ని మళ్లీ చంపుతారు. చచ్చిన సంగతి బోర్డు మీద కనబడదు.

రెండో మతం: ప్రతి కార్డు వెనకా యాక్సెప్టెన్స్ క్రైటీరియాలో, అంటే పని అయినట్టు తేల్చే షరతుల్లో, రాయాలి. ఆ కార్డుకే చెందినవాటికి ఇది సరి. ఉదాహరణకు ‘చూసుకోవాలి’లోని ‘కొను’ను కాపాడాలంటే నంబరుతో పాటు పుట్టిన తేదీ కూడా అడగాలి, అది ఈ కార్డు సొత్తు. కానీ ‘చిన్న ఫోన్‌లోనూ తెరుచుకోవాలి’, ‘చూపులేనివాళ్ల స్క్రీన్ రీడర్ చదవగలగాలి’ అన్నవాటిని నలభై కార్డుల వెనక నలభైసార్లు రాస్తే పునరుక్తి. నలభైఒకటో కార్డు మీద ఎవరో తప్పకుండా మరిచిపోతారు.

మూడో మతం: డెఫినిషన్ ఆఫ్ డన్. దీనికి మన వ్యాకరణంలో చక్కని పేరుంది: అధికార సూత్రం. పాణిని ఒక మాటను మొదట ఒక్కసారి చెప్పి వదిలేస్తాడు. కింద వచ్చే సూత్రాలన్నిటిలోకీ అది చెప్పకుండానే దిగివస్తుంది. టీము మొత్తం ఒప్పుకుని గోడ మీద ఒక్కసారి రాసుకున్న నియమం ప్రతి కార్డులోకీ అలాగే అనువర్తిస్తుంది. అది తీరనిదే ఏ కార్డూ డన్ కాదు. ఈ మతం మాకు ఇష్టం. దీని రోగమూ తెలుసు: జాబితా ముప్ఫై పంక్తులకు పెరిగితే, పెళ్లిలో భోజనాల వేళ దాటాక పురోహితుడు చదివే చివరి మంత్రాల్లా గబగబా టిక్కులు పడిపోతాయి. ఆరో ఏడో పంక్తులు, వీలైతే యంత్రమే రాత్రిపూట పరీక్షించి పొద్దున్నే పట్టిచ్చేవి, చాలు.

సిద్ధాంతం: ఒక్క కార్డుకు చెందిన గా కార్డు వెనక, అందరికీ చెందిన గా గోడ మీద. మొదటి మతాన్ని పూర్తిగా కొట్టేయం. గా నెరవేరడానికి చెమటోడ్చే పని ఉంటే ఆ పనికి కార్డు ఉండాల్సిందే. ఫలితం విడుదలయ్యాక రీకౌంటింగ్ దాకా మారదు. మారనిదాని కోసం ప్రతిసారీ డేటాబేస్‌ను లేపడం ఎందుకు? ముందే పేజీలు సిద్ధం చేసి పలుచోట్ల ఉంచవచ్చు. ఇది నాలుగు రోజుల పని, దానికి కార్డు న్యాయం. గుమ్మాలు పెంచడమూ ఒక దారే. 2025లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలను ‘మన మిత్ర’ వాట్సాప్‌లోనూ ఇచ్చింది. నిమిషానికి 3 లక్షల విన్నపాలు అన్న అంకె (ఇది వ్యాఖ్యాత కల్పన, ప్రొడక్ట్ ఓనర్ తన అంకె తాను వేసుకోవచ్చు) మొదటి స్ప్రింట్‌లోనే తెలిస్తే ఇల్లు ఒక తీరుగా కడతాం. ఆఖరి స్ప్రింట్‌లో తెలిస్తే కట్టిన ఇంటికి పునాది మారుస్తాం. తాపీమేస్త్రీ ఎవడూ ఒప్పుకోని ఈ పనికి మేం మూడుసార్లు ఒప్పుకున్నాం.

విశేషం: గాలు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. పుట్టిన తేదీ అడిగితే భద్రంగా అవుతుంది, తేలిగ్గా పోతుంది. న్యూజెర్సీ బాబాయికి పిల్ల పుట్టినరోజు గుర్తులేదన్న సంగతి అర్ధరాత్రి బయటపడుతుంది. ఏ గా నెగ్గాలో డెవలపర్ తేల్చకూడదు. అది కుటుంబ వ్యవహారం, అంటే ప్రొడక్ట్ ఓనర్‌ది.

పరిష్కృత పాఠం (కార్డు వెనక వైపు)

విడుదలైన మొదటి పదిహేను నిమిషాల్లో నిమిషానికి 3 లక్షల విన్నపాలు వచ్చినా, నూటికి 95 మందికి 2 సెకన్లలోపు ఫలితం రావాలి. నంబరు, పుట్టిన తేదీ రెండూ కలిస్తేనే రావాలి. రద్దీ అంతకు మించితే తెల్లపేజీ కాక ‘ఇంత సేపటికి మళ్లీ చూడండి’ అన్న తెలుగు వాక్యం రావాలి.

అంచనా మూడు నుంచి పదమూడు పాయింట్లకు పెరిగింది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

గద్య

ఇది నాలుగో అంతస్తు నివాసి, టెస్టింగ్ శాఖీయుడు, అనేక రిలీజు రాత్రుల జాగరణ చేసినవాడు రచించిన గా-ప్రత్యయ ప్రకాశికలో ప్రథమ కార్డు. రెండోది అప్పుడే గోడకెక్కింది: ‘విద్యార్థిగా నేను నా మార్కుల మెమో సులువుగా డౌన్‌లోడ్ చేసుకోవాలి.’ గా ఉంది. అంకె అడుగుదామని వెళ్తే, ప్రొడక్ట్ ఓనర్ బిర్యానీకి వెళ్లారని చెప్పారు.